రెండు సన్న సెల్లులు, ఒక పుల్ల, ఏడాది పొడుగు పనులు

జేబులో పట్టే చేతి కంప్యూటర్ పామ్ పైలట్. దాని తెర కింద నాలుగు బటన్లు ఉండేవి. ఎడమ చివరి దాని మీద చిన్న క్యాలెండర్ బొమ్మ. యంత్రం ఆపేసి ఉన్నా ఫర్వాలేదు, ఆ ఒక్క బటన్ నొక్కితే రెప్పపాటులో ఇవాళ్టి పేజీ కళ్ల ముందుండేది. లోడింగ్ లేదు, సిగ్నల్ కోసం చూడడం లేదు. పక్కవాళ్లు జేబులోంచి కాగితం డైరీ తీసి పేజీ వెతుక్కునేలోగా ఇక్కడ కొత్త పని రాసేయడం కూడా అయిపోయేది. డేట్ బుక్ అని పిలిచే ఆ చిన్న ప్రోగ్రామ్‌ను వాడినవాళ్లకు ఇప్పటికీ దాని మీద ప్రేమ ఎందుకు పోలేదో చెప్పాలంటే, అది ఎలా పనిచేసేదో, ఎక్కడ దెబ్బకొట్టేదో వివరంగా చెప్పుకోవాలి.

మొదటి పైలట్ 1000, పైలట్ 5000 అమెరికాలో 1996 మార్చిలో వచ్చాయి. ఒకదాంట్లో 128 కిలోబైట్ల మెమరీ, రెండోదాంట్లో 512. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు, కానీ ఒక మనిషి ఏడాది పొడుగునా చేసే పనులు హాయిగా పట్టేవి. దాన్ని రూపొందించిన జెఫ్ హాకిన్స్ అసలు యంత్రం తయారు కాకముందే చొక్కా జేబులో పట్టే కొలతకు ఒక చెక్కముక్క కోసుకుని కొన్నాళ్లు వెంట తిప్పాడు. ఫలానా రోజు ఖాళీయేనా అని ఎవరైనా అడిగితే ఆ చెక్క బయటికి తీసి, పుల్లతో దాని మీద నొక్కుతూ, ఎన్ని నొక్కుళ్లు పడుతున్నాయో చూసుకునేవాడట. ఆ చెక్క ఇప్పుడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. డేట్ బుక్‌లో అనవసరమైన నొక్కుడు ఒక్కటి కూడా కనబడకపోవడానికి మూలం అక్కడుంది. తర్వాత 1997లో వెనక దీపంతో పామ్ పైలట్, 1998లో ఇన్‌ఫ్రారెడ్ కన్నుతో పామ్ 3, 1999లో సన్నటి అల్యూమినియం ఒంటితో పామ్ 5 వచ్చాయి. పేర్లు మారినా డేట్ బుక్ రూపురేఖలు పెద్దగా మారలేదు.

తెర 160 చుక్కల వెడల్పు, 160 చుక్కల ఎత్తు. అంతలోనే ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా గంటకో గీత చొప్పున మొత్తం 11 గీతలు, కిందికి జరపనక్కర లేకుండా కనబడేవి. పైన తేదీ, దాని పక్కన వారంలోని ఏడు రోజుల పొడి అక్షరాలు. ఏ అక్షరం మీద నొక్కితే ఆ రోజు. పక్కనున్న బాణాలతో ముందు వారానికో వెనక వారానికో వెళ్లొచ్చు. ఆఫీసు ఉదయం 7కే మొదలయ్యేవాళ్లు ప్రిఫరెన్సెస్‌లో మొదలు, చివరి గంటలు మార్చుకుంటే సరిపోయేది. కానీ అలా సాగదీస్తే గీతలు తెర దాటిపోయేవి. డిస్‌ప్లే ఆప్షన్స్‌లో కంప్రెస్ డే వ్యూ అనే టిక్కు పెడితే పనులు ఎక్కువున్న రోజుల్లో ఖాళీ గంటల గీతలు కొన్ని మాయమై రోజంతా ఒక్క చూపులో ఇమిడిపోయేది.

రాయడం మూడు రకాలుగా ఉండేది. గీత మీద నొక్కి రాస్తే ఆ గంటకు మొదలై గంటసేపు ఉండే పని అవుతుంది. అంకెలు రాసే చోట ఒక అంకె గీస్తే టైమ్ పెట్టే పెట్టె దానంతట అదే తెరుచుకుంటుంది. అందులో గంటలు ఒక వరుసలో, నిమిషాలు అయిదేసి చొప్పున ఇంకో వరుసలో ఉంటాయి. గీతను ముట్టుకోకుండా నేరుగా ఒక అక్షరం గీస్తే, టైమ్ లేని పనిగా పేజీ పైన డైమండ్ గుర్తుతో చేరుతుంది. ఈ మూడో రకాన్ని చాలామంది పట్టించుకునేవాళ్లు కాదు. నిజానికి డేట్ బుక్ ప్రాణం అందులోనే ఉంది. ఫలానా రోజున జరగాలి కానీ ఫలానా గంటకు అని లేదు: పుట్టినరోజు, కరెంటు బిల్లు ఆఖరు తేదీ, ఊరినుంచి చుట్టాలు వచ్చే రోజు. ఇలాంటివాటికి అబద్ధపు టైమ్ పెట్టి ఉదయం 9 గీత మీద ఇరికిస్తే, నిజంగా 9కి ఉన్న డాక్టరు అపాయింట్‌మెంట్ వాటి మధ్య కలిసిపోతుంది. ఇక తేదీయే లేని పనులు డేట్ బుక్‌లోకి రానేకూడదు. వాటికి మూడో బటన్ కింద టు డూ లిస్ట్ వేరే ఉండేది. గంట ఉన్నది గీత మీద, రోజు మాత్రమే ఉన్నది పైన, రెండూ లేనిది టు డూలో. ఈ కట్టుబాటు తప్పిన క్యాలెండర్‌ను నెల తిరక్కుండానే దాని యజమాని నమ్మడం మానేస్తాడు.

అక్షరాలు రాయడానికి గ్రాఫిటీ అనే లిపి. ఒక్కో అక్షరం పుల్ల ఎత్తకుండా ఒక్క గీతలో రాయాలి. ఎ కి అడ్డగీత ఉండదు, తిరగేసిన వి లాగా గీస్తే చాలు. కె చేప తోకలా ఉంటుంది. తెర కింద రాసే చోటులో అక్షరాలకు ఎడమ సగం, అంకెలకు కుడి సగం. తప్పు సగంలో గీస్తే 4 బదులు ఎల్ పడుతుంది, కొత్తవాళ్లను ఎక్కువగా విసిగించింది ఇదే. వి, యు తేడా తేలకపోతే వి ని కుడినుంచి ఎడమకు గీస్తే యంత్రం తడబడకుండా గుర్తుపట్టేది. షార్ట్‌కట్ గీత ఒకటి మెలిక తిప్పి తర్వాత ఎం, ఇ రాస్తే మీటింగ్ అన్న మాట, ఎల్, యు రాస్తే లంచ్ అన్న మాట పూర్తిగా వచ్చేసేవి. డి, ఎస్ రాస్తే ఆ రోజు తేదీ పడేది. మనకు తరచూ వచ్చే పేర్లనూ ప్రిఫరెన్సెస్‌లో ఇలాగే చేర్చుకోవచ్చు. ఆ పాత పామ్‌లలో తెలుగు లిపి లేదు కాబట్టి అమ్మమ్మ, సీమంతం, గృహప్రవేశం అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకోవాల్సి వచ్చేది. పొడుగాటి తెలుగు మాటలకు ఈ షార్ట్‌కట్లు నిజంగా చేతి నొప్పి తగ్గించాయి.

ఒకే చోట రోజంతా గీస్తే గాజు మీది పైపొర గీతలు పడి, గ్రాఫిటీ తప్పులు పెరిగేవి. రాసే చోట పారదర్శకమైన టేపు ముక్క అంటించి అప్పుడప్పుడు మార్చుకోవడం అందరూ చేసిన పనే. నొక్కిన చోట కాకుండా పక్కన పడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో డిజిటైజర్ తెరిచి, కనబడిన గుర్తుల నడిమధ్యన మళ్లీ నొక్కి సరిచేసుకోవాలి. అయినా కుదరకపోతే తెర అంచుల్లో దుమ్ము ఇరుక్కుందేమో చూడాలి. పలచటి విజిటింగ్ కార్డు మూలతో అంచు వెంట జాగ్రత్తగా గీస్తే వచ్చేస్తుంది.

అలారం సంగతికి వద్దాం. పనిని ఎంచుకుని డీటెయిల్స్ నొక్కితే అలారం పెట్టె ఉంటుంది, మామూలుగా 5 నిమిషాల ముందు అని వస్తుంది. నిమిషాలు, గంటలు, రోజులు అని మార్చుకోవచ్చు. టైమ్ ఉన్న పనులకు ఇది చక్కగా మోగేది, ఆపేసి ఉన్న యంత్రం కూడా లేచి మోగేది. టైమ్ లేని పనుల దగ్గరే చిక్కు. వాటి లెక్క ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి నుంచి వెనక్కి. అంటే పుట్టినరోజుకు 5 నిమిషాల అలారం పెడితే ముందురోజు రాత్రి 11.55కి తెర మీద మాట కనబడుతుంది, అదీ చప్పుడు లేకుండా. ఉదయం యంత్రం తీసినప్పుడు ఆ మాట అక్కడే ఉంటుంది కాబట్టి మరీ నష్టం లేదు, కానీ మోగుతుందని ఎదురుచూస్తే మోగదు. మోగాలంటే ఉదయం 7కి టైమ్ ఉన్న పనిగా పెట్టి, అలారం 0 నిమిషాలు చేయాలి. ఆ చిన్న బజర్ చప్పుడు సంచిలో ఉంటే వినబడదు. అందుకే ప్రిఫరెన్సెస్‌లో ఒక్కసారి కాకుండా మూడుసార్లు, అయిదేసి నిమిషాలకు మోగేలా పెట్టుకోవడం మేలు.

రిపీట్ పెట్టెలో రోజు, వారం, నెల, ఏడాది ఉండేవి. నెలవారీ పనిలో తేదీని బట్టా, వారాన్ని బట్టా అని ఇంకో ప్రశ్న. ప్రతి నెలా 10వ తేదీన కట్టే చిట్టీ తేదీని బట్టి, ప్రతి నెలా రెండో శనివారం సెలవు వారాన్ని బట్టి. ఇది తప్పుగా పెట్టి మొదటి నెలంతా బాగానే ఉందనుకుని రెండో నెలలో తెల్లమొహం వేసినవాళ్లు బోలెడు. వరసగా వచ్చే పనుల్లో ఒకదాన్ని మార్చినప్పుడు ఇదొక్కటేనా, అన్నీనా అని అడుగుతుంది. తొందరలో అన్నీ అని నొక్కితే గడిచిపోయిన వారాల పనులు కూడా మారిపోయేవి. ఎప్పుడు ఎవరిని కలిశామో చూసుకునే పాత లెక్క అలా పాడయ్యేది. పాతదానికి ముగింపు తేదీ పెట్టి, కొత్త టైమ్‌తో కొత్త పని మొదలుపెట్టడమే శుభ్రమైన దారి.

మన ఇళ్లలో వచ్చే చిక్కు ఒకటి రిపీట్ పెట్టెకు అందేది కాదు. తద్దినాలు, వ్రతాలు తిథిని బట్టి వస్తాయి. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు కాబట్టి అదే తిథి మరుసటి ఏడాది సుమారు 11 రోజులు ముందే వస్తుంది, మధ్యలో అధిక మాసం పడితే ఆ మేరకు ఆలస్యంగా వస్తుంది. ఏడాదికోసారి అని రిపీట్ పెడితే మొదటి ఏడాది తర్వాత తప్పే. ఉగాదికి కొత్త పంచాంగం ఇంటికి రాగానే ఒక గంట కూర్చుని ఏడాదికి సరిపడా తేదీలు చూసి, ఒక్కోదాన్ని విడిగా టైమ్ లేని పనిగా ఎక్కించాలి. అన్నిటికీ మొదటి మాటగా తిథి అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే, తెర కింద భూతద్దం గుర్తు నొక్కి ఆ మాట వెతికినప్పుడు మొత్తం జాబితా వచ్చేస్తుంది. పామ్ వెతుకులాట మాట మొదటి అక్షరాల నుంచే పోలుస్తుంది, మధ్య ముక్క రాస్తే దొరకదు, అందుకే మొదటి మాట ముఖ్యం. మాసం, పక్షం, తిథి నోట్‌లో రాసిపెట్టుకుంటే వచ్చే ఉగాదికి పని సగం తగ్గుతుంది. అలారం 3 రోజుల ముందుకు పెడితే సామాన్లు తెచ్చుకోవడానికి, పురోహితుడికి కబురు చేయడానికి వ్యవధి ఉంటుంది.

అర్ధరాత్రి దాటే పని డేట్ బుక్‌కు అర్థం కాదు. సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారి హైదరాబాద్‌లో దిగేవాళ్లు ప్రయాణాన్ని రెండు ముక్కలుగా రాసుకోవాలి. ఎక్కే టైమ్ ఈ రోజులో, దిగే టైమ్ రేపటి పేజీలో. పది రోజుల సెలవు అయితే టైమ్ లేని పనిగా రాసి, రోజూ రిపీట్ చేసి, ముగింపు తేదీ పెట్టాలి.

డేట్ బుక్ బటన్‌నే మళ్లీ మళ్లీ నొక్కితే రోజు, వారం, నెల చూపులు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. వారం చూపులో పనులు కడ్డీల్లా నిలబడేవి. కడ్డీని నొక్కితే పైన దాని వివరం కనబడుతుంది, నొక్కి పట్టి పక్క రోజుకు లాగితే పని అక్కడికి మారుతుంది. ఒకే టైమ్‌కు రెండు పనులు పెడితే యంత్రం వద్దనదు. ఒకదాని మీద ఒకటి పడ్డ కడ్డీలను మనమే గమనించుకోవాలి. అందుకే ఆదివారం సాయంత్రం ఒకసారి వారం చూపు తెరిచి చూసుకోవడం అలవాటు చేసుకున్నవాళ్లకు సోమవారం ఇబ్బంది ఉండేది కాదు. నెల చూపులో ప్రతి తేదీ పక్కన చిన్న గీతలు: పైన ఉదయానిది, నడుమ మధ్యాహ్న భోజనం వేళది, కింద ఆ తర్వాతది. ఏ పనో తెలియదు, ఖాళీ ఎక్కడుందో మాత్రం తెలుస్తుంది. ఎవరైనా ఫోన్‌లో తేదీ అడిగినప్పుడు కావలసింది అంతే కదా.

ఇది చాలనివాళ్లకు పిమ్లికో సాఫ్ట్‌వేర్ వారి డేట్‌బుక్ ప్రోగ్రామ్‌లు ఉండేవి. బొమ్మలు, రంగులు, ఒక రోజు పూర్తికాకపోతే దానంతట అదే మర్నాటికి జరిగే తేలియాడే పనులు ఇచ్చేవి. గొప్ప తెలివి ఏమిటంటే అవి పామ్ సొంత డేట్ బుక్ ఫైలునే వాడుకునేవి, తమకు కావలసిన అదనపు సమాచారాన్ని నోట్‌లో మొదటి వరుసగా, రెండు హ్యాష్ గుర్తులతో మొదలుపెట్టి దాచేవి. కంప్యూటర్‌లో ఆ వరుస చూసి, ఇదేదో చెత్త అనుకుని చెరిపేస్తే బొమ్మా, తేలియాడే గుణమూ రెండూ పోయేవి.

కంప్యూటర్‌కు తీగతో కలిపిన తొట్టెలో యంత్రాన్ని నిలబెట్టి ముందున్న బటన్ నొక్కితే హాట్‌సింక్. కంప్యూటర్‌లో పామ్ డెస్క్‌టాప్, చేతిలో పామ్, రెండూ ఒకటయ్యేవి. మొదట్లో తొట్టె తీగ 9 పిన్నుల సీరియల్ పోర్టులోకి వెళ్లేది. ఫ్యాక్స్ ప్రోగ్రామో, మోడెమ్ ప్రోగ్రామో అదే పోర్టును పట్టుకుని కూర్చుంటే సింక్ కదలదు, ముందు దాన్ని మూసేయాలి. మధ్యలో తెగిపోతుంటే హాట్‌సింక్ సెట్టింగుల్లో వేగం తగ్గించాలి, యంత్రం అడుగున ఉన్న బంగారు రంగు చుక్కలను దూదితో తుడవాలి. ఒకే పనిని రెండు చోట్లా మారిస్తే పామ్ ఏదీ పారేయదు, రెండు ప్రతులూ ఉంచి, జరిగింది నమోదు చేసే లాగ్‌లో రాస్తుంది. అందుకే సింక్ తర్వాత లాగ్ చదవడం మంచిది. మన సమాచారం మీద మనకన్నా జాగ్రత్తగా ఉండే ఆ నడవడిక ఎంత మర్యాదైనదో ఇప్పుడు తలచుకుంటే ముచ్చటేస్తుంది.

అమెరికాకు వెళ్లిన మనవాళ్లకు ఇంకో పాఠం. ఆ తొలినాళ్ల డేట్ బుక్‌కు టైమ్ జోన్ అంటే తెలియదు. 10 గంటల పని ఏ దేశంలోనైనా 10 గంటల పనే. విమానం దిగి గడియారం మార్చుకుంటే పనులు జరగవు, ఎక్కడివక్కడే ఉంటాయి. మనుషుల్ని ఎదురుగా కలిసే పనులకు ఇదే సరైనది. ఫోన్ మాటలకు మాత్రం కుదరదు. హైదరాబాద్‌లో రాత్రి 8.30 అంటే డల్లాస్‌లో వేసవిలో ఉదయం 10, చలికాలంలో ఉదయం 9. ఆ రోజుల్లో అమెరికా గడియారాలు ఏప్రిల్ మొదటి ఆదివారం ముందుకు, అక్టోబర్ ఆఖరి ఆదివారం వెనక్కి జరిగేవి. ఇంటికి ప్రతి శనివారం చేసే ఫోన్‌ను ఏడాది పొడుగునా ఒకే రిపీట్‌గా పెడితే చలికాలంలో గంట తేడా వచ్చేది. 10 గంటల పనికి అక్టోబర్ ఆఖరులో ముగింపు పెట్టి, అక్కణ్ణుంచి 9 గంటలకు ఇంకోటి మొదలుపెట్టాలి. పక్కనే హైదరాబాద్ టైమ్ కూడా రాసుకుంటే అనుమానం ఉండదు.

అన్నిటికన్నా ప్రమాదం సెల్లుల దగ్గర. రాసిందంతా కరెంటు పోతే చెరిగిపోయే ర్యామ్ మెమరీలోనే, సెల్లుల మీదే బతికేది. మార్చేటప్పుడు కాస్త కరెంటు దాచి ఉంచే లోపలి కెపాసిటర్ సుమారు ఒక నిమిషం కాపాడుతుంది, అంతే. కొత్త సెల్లుల చుట్టలు ముందే విప్పి పక్కన పెట్టుకుని, హాట్‌సింక్ చేసి, అప్పుడు పాతవి తీయాలి. చార్జింగ్ సెల్లులు 1.5 వోల్టుల బదులు 1.2 ఇస్తాయి కాబట్టి బ్యాటరీ గుర్తు ముందే తగ్గినట్టు చూపిస్తుంది, అది నమ్మదగిన కొలత కాదు. యంత్రం బిగుసుకుపోతే వెనక ఉన్న రంధ్రంలో జెమ్ క్లిప్పు కొసతో నొక్కాలి. పామ్ 3లో స్టైలస్ (రాసే పుల్ల) పై భాగం మర తిప్పితే లోపల సూది ఉండేది. పవర్ బటన్ పట్టుకుని ఇదే పని చేస్తే మొత్తం చెరిపేయమంటావా అని అడుగుతుంది, పైకి జరిపే బటన్ నొక్కితే అంతా పోతుంది. అలా ఖాళీ అయిన యంత్రాన్ని తొట్టెలో పెట్టినప్పుడు చేతి యంత్రం కంప్యూటర్‌ను తుడిచేసే ఎంపిక ఉండకూడదు. ఉంటే ఆ ఖాళీయే కంప్యూటర్‌లోకి వెళ్తుంది. కంప్యూటర్ చేతి యంత్రాన్ని తుడిచేస్తుంది అని పెట్టి, అడిగినప్పుడు పాత యజమాని పేరునే ఎంచుకోవాలి.

నెలకోసారి పాత పనులను తీసేసే పర్జ్ నడిపి నెల దాటిన పనులను పంపేయొచ్చు. పంపే ముందు కంప్యూటర్‌లో ఆర్కైవ్ ప్రతి ఉంచమనే టిక్కు తీసేయకూడదు. పాత కంప్యూటర్ ఇంకా అటక మీద ఉంటే, సీ డ్రైవ్‌లో పామ్ ఫోల్డర్, అందులో యజమాని పేరుతో ఇంకోటి, అందులో డేట్‌బుక్ అనే ఫోల్డర్ వెతకండి. ఆ ఏళ్లన్నీ ఒక్క చిన్న ఫైలులో ఉంటాయి. ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఉంచండి.

యంత్రం దొరికితే సంతోషం. పామ్ 5 లాంటివాటిలో లోపలి బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, పామ్ 3 అయితే సెల్లులు కారి మచ్చలు పడ్డ స్ప్రింగులను తుడిచి కొత్తవి రెండు వేస్తే లేస్తుంది. యంత్రంతోపాటే వచ్చిన ప్రోగ్రామ్‌లు సెల్లుల మీద ఆధారపడవు కాబట్టి అవి అలాగే ఉంటాయి. గుర్తుల నడిమధ్యన నొక్కమంటుంది, తేదీ, టైమ్ పెట్టమంటుంది. ఈ ఏడాది తేదీ ఇంకా తీసుకుంటుంది. ఏడాదికి 128 ఏళ్లే లెక్కకు వచ్చే 7 బిట్లు కేటాయించి 1904 నుంచి లెక్కపెట్టారు కాబట్టి 2031 డిసెంబర్ 31 దాకా దానికి క్యాలెండర్ ఉంది. ఎడమ చివరి బటన్ నొక్కండి. 8 నుంచి 6 దాకా 11 గీతలు, అన్నీ ఖాళీగా.